ఆర్మూరు పట్టణము – పసుపు పంట

మాఘ ఫాల్గుణ మాసములందు నిజామాబాదు నుండి ఆర్మూరునకు పోవు బాట పట్టినవానికి ఊరు కనబడక మునుపే ఊరి వాసన తగులును. బాట కిరువైపుల కల్లములయందు ఉడికిన పసుపు ఆరబోసి యుండును. ఆడువారు కాళ్లతో దానిని తిరుగత్రిప్పుచుందురు. వారి పాదములు, చీర చెరగులు, పిల్లల చేతులు, తుదకు పశువుల కొమ్ములు సైతము పచ్చబడి యుండును.

మన పత్రికయందు చేనిని గూర్చియే తరచుగా వ్రాయుచున్నాము. ఈ మాసమున ఒక ఊరిని గూర్చి వ్రాయ నెంచితిమి. చేను పండించినదానిని ఊరు కొనును. చేనికి వలసిన అప్పు, ఎరువు, విత్తనము ఊరినుండియే వచ్చును. తన పంట పోవు ఊరి సంగతి తెలియని రైతు సగము సేద్యమే తెలిసినవాడని మా యభిప్రాయము.

ఊరి ఉనికి, పేరు

ఆర్మూరు నిజామాబాదు జిల్లాలోని చిన్న పట్టణము. జిల్లా కేంద్రమునకు సుమారు 25 కిలోమీటర్ల దూరమున నున్నది. ఉత్తరమున శ్రీనగరము నుండి దక్షిణమున కన్యాకుమారి వరకు పోవు 44వ నంబరు జాతీయ రహదారియు, నిజామాబాదు నుండి మెట్‌పల్లి, జగిత్యాల వైపునకు పోవు 63వ నంబరు రహదారియు ఇచ్చటనే కలిసికొనుచున్నవి. పూర్వము మొదటిదానిని 7వ నంబరు రహదారి యనెడివారు. ముసలివారు నేటికిని అట్లే యందురు. పెద్దపల్లి–నిజామాబాదు రైలుమార్గము 2017లో పూర్తియై, ఈ యూరికి రైలు కూడ వచ్చినది.

ఊరిని ఆనుకొని నల్లని బండల గుట్ట యున్నది. బండపై బండ పేర్చినట్లుండు ఈ గుట్టకు సిద్ధులగుట్ట యని పేరు. నవనాథ సిద్ధేశ్వరుని గుడి యిచ్చట కలదు. తొమ్మండుగురు సిద్ధులు ఇచ్చట తపస్సు చేసిరనియు, ఆరును మూడును కలిసి తొమ్మిది యగుట చేతనే ఊరికి ఆర్మూరను పేరు కలిగెననియు పెద్దలు చెప్పుదురు. నవనాథపురమను పేరు కూడ వాడుకలో నుండెను. పూర్వము ఈ యూరు పట్టుచీరల నేతకు కూడ పేరుపొందినది. నేడు ఊరి పేరు చెప్పగానే ఎవరికైనను తోచునది పసుపు.

పాలనము

నైజాము కాలము నుండి ఆర్మూరు తాలూకా కేంద్రముగా నుండెను. తరువాత మండల కేంద్రమైనది. 2006లో గ్రామ పంచాయతి పోయి పురపాలక సంఘ మేర్పడినది. 2016లో జిల్లాలను తిరిగి విభజించినప్పుడు ఆర్మూరు రెవెన్యూ డివిజను కేంద్ర మాయెను. ప్రక్కనున్న పెర్కిట్, మామిడిపల్లి గ్రామములను పురపాలక సంఘమున కలిపిరి.

ఇందువలన ఒక వింత పరిస్థితి కలిగినది. ఇచ్చటి పురజనులలో అనేకులు నేటికిని నాగలి పట్టువారే. ఇంటిపన్ను పట్టణమునకు చెల్లింతురు. తెల్లవారగనే చేనికి పోవుదురు. అంగళ్లలో ఎరువుల దుకాణములు, విత్తనపు దుకాణములు, పంపుసెట్లు బాగుచేయు కొట్లు హెచ్చుగా కానవచ్చును. పంట బాగుగ పండి ధర పలికిన యేట బట్టల అంగడియు బంగారపు అంగడియు కళకళలాడును. ధర పడిపోయిన యేట ఆ వీధులందే దుకాణదారులు ఈగలు తోలుకొనుచుందురు. కావున ఈ పట్టణము యొక్క బాగోగులు రైతు గంపలోనే యున్నవని చెప్పిన తప్పు గాదు.

నీటి వసతి

ఈ ప్రాంతమునకు దాపున గోదావరి పారుచున్నది. పోచంపాడు వద్ద శ్రీరామసాగరము ఆనకట్టకు 1963 జులై 26వ తేదీన పండిత జవహర్‌లాల్ నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. మొదట దీని నిలువ 112 టి.ఎం.సి.లుగా లెక్కించిరి. పూడికచే అది క్రమముగా తగ్గుచు వచ్చినది. మంజీరపై 1931 నాటికి పూర్తియైన నిజాంసాగరము కలదు. దాని కాలువల చివరి భూములకు నీరు సరిగా అందకపోగా, గోదావరి నీటిని పైకి తోడి యిచ్చు గుత్ప, అలీసాగర్ ఎత్తిపోతల పథకములు నిర్మించిరి. ఆర్మూరు ప్రక్కల చేలకు గుత్ప నీరు ఆధారమైనది. అయినను పసుపు తొమ్మిది మాసములు నేలలో నుండు పంట గాన, బావులు, బోరుబావులు లేనిదే రైతునకు ధైర్యము చాలదు.

పసుపు

పసుపు రకములను గూర్చిన గ్రంథములందు దుగ్గిరాల, టేకూరుపేట, మైదుకూరు రకములతో పాటు ఆర్మూరు రకమని యొకటి కలదు. ఇవి యన్నియు దీర్ఘకాలపు రకములు. ఊరి పేరు రకమునకు వచ్చుట ఆ ఊరి రైతుల తరతరముల పాటునకు గుర్తు. నేడు కురుకుమిను అను సారము హెచ్చుగా గల రకములను వ్యాపారులు అడుగుచున్నారు. సుమారు 180 దినములకే చేతికి వచ్చు ప్రగతి మొదలగు రకములును వచ్చినవి. దాపుననే కమ్మర్‌పల్లియందు పసుపు పరిశోధన కేంద్రము కలదు. క్రొత్త రకము పెట్టదలచువారు అచ్చట విచారించి, మొదట కొద్ది గుంటలలో వేసి చూచుట మేలు.

పసుపు సేద్యము బీదవాని సేద్యము గాదు. అయినను బీదలే దానిని చేయుచున్నారు. ఎకరమునకు విత్తనపు కొమ్ములే సుమారు 8 నుండి 10 క్వింటాళ్లు కావలెను. పశువుల ఎరువు, కలుపు, నీరు, త్రవ్వకపు కూలి, ఉడుకబెట్టుట, ఆరబెట్టుట, మెరుగుపెట్టుట – ఇన్నిటికిని సొమ్ము ముందుగా పెట్టవలెను. రాబడి మాత్రము తుదకు ఒక్కసారిగా వచ్చును. నడుమ ఇల్లు గడచుటకై ఇచ్చటివారు పసుపు సాళ్ల నడుమ మొక్కజొన్న వేయుదురు. ఇది మంచి యాచారము. నీరు నిలిచిన చోట దుంపకుళ్లు వచ్చును గాన, బోదెలపై నాటుట, మురుగు పోవునట్లు చేయుట, ఒకే చేనిలో వెంట వెంట పసుపు వేయకుండుట ముఖ్యము.

మేము నేర్చిన పాఠము

ఇచ్చట మా తప్పు నొకదానిని చెప్పుకొనవలసి యున్నది. మేము ఈ యుద్యోగమున క్రొత్తగా ప్రవేశించిన దినములలో, ఈ ప్రాంతపు ఒక గ్రామమున ఒక ముసలి రైతు చేత మేము చెప్పిన రీతిగా పసుపు పెట్టించితిమి. విత్తనము ఏరుట, బోదెలు తోలుట, మురుగుకాలువ తీయుట – అన్నియు మా యెదుటనే జరిగినవి. పైరు నడుమెత్తు పెరిగినది. చుట్టు గ్రామముల వారిని పిలిచి చేను చూపితిమి. ఒక మడి త్రవ్వించి తూచి, బరువు బిగ్గరగా చదివితిమి. అందరును మెచ్చుకొనిరి. మా నోటు పుస్తకమున ఆ చేను పేరు వ్రాసికొని మేము వేరొక గ్రామమునకు పోతిమి.

పిదప జరిగినది మేము చూడలేదు. కూలీలు దొరకక, త్రవ్విన దుంప వారము దినములకు పైగా కుప్పపడి యుండెను. తల్లిదుంపలను కొమ్ములను వేరుచేయక ఒకే కడాయిలో పోసి ఉడికించిరి. అడుగున నున్నవి మెత్తబడినవి. పైనున్నవి పచ్చిగానే యుండెను. వట్టి నేలపై ఆరబోసిరి. ఒక రాత్రి అకాలపు వాన కురిసినది. కప్పుటకు టార్పాలిను లేకపోయెను. ఆ సరకు అంగడికి పోగా, కొనువాడు కాడిని విరిచి చూచి, లోపలి రంగు చూచి, పెదవి విరిచెను. మెరుపులేని పసుపునకు మెరుపులేని ధర. ప్రక్క చేనివాడు ఆయనకంటె చాల తక్కువ పండించియు, క్వింటాలునకు మంచి ధర పొందెను. విత్తనమునకై తెచ్చిన అప్పు గడువు దగ్గర పడుట చేత, మా ముసలి రైతు వచ్చిన ధరకే అమ్మి ఇంటికి పోయెను.

వానాకాలమున మేము మరల ఆ యూరికి పోయి, "పెద్దయ్యా, ఈ యేడును మా పద్ధతినే పెట్టెదవా?" యని అడిగితిమి. ఆయన కోపపడలేదు. తల వంచుకొని, "సారూ, చేన్ల మంచిగనే పండింది. కల్లంకాడ, కాంటకాడ మాత్రం నా తోడు ఎవరు రాకపాయిరి" అనెను. ఆ మాట మా మనస్సున నాటుకొన్నది. చేనిలో బరువు తూచి చదివిన మేము తక్‌పట్టీలో వ్రాసిన ధర చదువలేదు. నాటినుండి మేము పంటను త్రవ్వకముతో విడువక, తూకము వరకు వెంబడింపవలెనని నియమము పెట్టుకొంటిమి.

కావున సోదరులు ఈ నాలుగు సంగతులు మరువకుందురు గాక. మొదటిది: త్రవ్విన రెండు మూడు దినములలోపల ఉడుకబెట్టవలెను. రెండవది: తల్లిదుంపలు వేరుగ, కొమ్ములు వేరుగ ఉడికింపవలెను. నురుగు వచ్చి, పసుపు వాసనతో తెల్లని ఆవిరి లేచు వరకు సుమారు 45 నిమిషముల నుండి గంట పట్టును. ఎక్కువ ఉడికిన రంగు చెడును. తక్కువ ఉడికిన కొమ్ము పెళుసగును. ఆవిరి బాయిలరు వాడువారికి శ్రమయు కట్టెలును కలిసివచ్చును. మూడవది: శుభ్రమైన కల్లముపై రెండు మూడు అంగుళముల మందమున పరచి, 10 నుండి 15 దినములు ఎండబెట్టవలెను. రాత్రులు కుప్పజేసి కప్పవలెను. నాలుగవది: పైపూతగా ఎట్టి రంగును చల్లరాదు. లెడ్ క్రోమేటు మొదలగునవి విషములు. చట్టము వానిని నిషేధించినది. తినువాని ప్రాణముతో ఆడి సంపాదించిన ధర నిలువదు.

పచ్చి పసుపు అయిదు పాళ్లు ఎండిన సుమారు ఒక పాలు మిగులును. ఎకరమునకు ఎండు పసుపు 20 క్వింటాళ్లనుకొందము. ఉడుకు, ఎండ సరిగా లేక క్వింటాలునకు 1,000 రూపాయలు తగ్గినచో ఎకరమునకు 20,000 రూపాయలు పోయినట్లే. ఇంత సొమ్ము తొమ్మిది మాసముల సేద్యములో ఏ ఎరువు చేతను హెచ్చుగా రాదు. పదునైదు దినముల అజాగ్రత్త చేత మాత్రము పోవును.

అమ్మకము

ఆర్మూరున వ్యవసాయ మార్కెట్ కమిటీ కలదు. అయినను ఈ ప్రాంతపు పసుపు ముఖ్యముగా నిజామాబాదు గంజునకే పోవును. అచ్చట కాడి, గోళ, చూర యని వేరు వేరుగ ధర కట్టుదురు. అడ్తిదారు, ఖరీదుదారు, దడువాయి, హమాలీ – ఇందరి చేతులు దాటి రైతు చేతికి సొమ్ము వచ్చును. 2016 ఏప్రిల్ 14న దేశమున 21 మార్కెట్లతో ప్రారంభమైన ఈ–నామ్ అను విద్యుత్ వేలము పద్ధతిలో నిజామాబాదు మార్కెట్టును చేర్చిరి. హెచ్చు ధర ఆశించి మహారాష్ట్రమందలి సాంగ్లికి లారీలలో తీసికొనిపోవువారును కలరు.

పసుపునకు ధర నిలుకడ లేదు. 2019లో క్వింటాలు 5,000, 6,000 రూపాయల దరిదాపున నుండగా, 2024 మార్చిలో నిజామాబాదు గంజున 18,000 దాటి పలికినది. ఒకే చేను, ఒకే రైతు, ఒకే శ్రమ. ధర మాత్రము మూడింతల తేడా. 2019 ఫిబ్రవరిలో పసుపునకు 15,000, ఎర్రజొన్నకు 3,500 రూపాయలు ఇప్పింపవలెనని రైతులు ఆర్మూరు వద్ద జాతీయ రహదారిపై బైఠాయించిరి. తరువాత ఏప్రిల్ 11న జరిగిన లోక్‌సభ ఎన్నికలలో నిజామాబాదు స్థానమునకు 185 మంది పోటీచేసిరి. వారిలో 178 మంది రైతులు. ఒక్కొక్క పోలింగు కేంద్రమున 12 వోటు యంత్రములు పెట్టవలసి వచ్చినది. గెలుపోటముల ప్రసంగము మన పత్రికకు తగదు. ఒక్క పంట రైతులు తమ మాట దేశమునకు వినిపించుటకు అంత పని చేయవలసి వచ్చినదని మాత్రము గుర్తుంచుకొందము.

వారు చిరకాలముగా కోరుచుండిన పసుపు బోర్డును కేంద్ర ప్రభుత్వము 2023 అక్టోబరు 4న ప్రకటించినది. 2025 జనవరి 14న, సంక్రాంతి నాడు, అది ప్రారంభమైనది. దాని ప్రధాన కార్యాలయము నిజామాబాదుననే స్థాపింపబడినది. 2022–23లో మన దేశమున 3.24 లక్షల హెక్టార్లలో 11.61 లక్షల టన్నుల పసుపు పండినదని ప్రభుత్వపు లెక్క. ప్రపంచమున పండు పసుపులో నాలుగింట మూడు పాళ్లు మనదే. ఇంతటి పంటకు బోర్డు ఏర్పడుట సంతోషమే. కాని బోర్డు ఎంత మంచిదైనను, తడిసిన పసుపును ఎండబెట్టదు. అప్పులవాని గడువును ఆపదు. ఆ పని మన యూరిలో మనమే చేసికొనవలెను.

ఎర్రజొన్న చెప్పు కథ

ఆర్మూరు ప్రాంతమున యాసంగిలో ఎర్రజొన్న విస్తారముగా పండింతురు. ఇది మన తిండికి గాదు. ఉత్తర దేశమున పశుగ్రాసపు విత్తనముగా పోవును. విత్తన వ్యాపారుల మాటపై నమ్మకముతో పంట ఇచ్చుట వాడుక. 2008లో ఆ నమ్మకము తెగినది. రావలసిన సొమ్ము రాక రైతులు ఆర్మూరు వీధులకెక్కిరి. అలజడి ముదిరి పోలీసు కాల్పుల వరకు పోయినది. మిగిలిపోయిన బాకీలు ప్రభుత్వము చెల్లించుటకు 2014 వరకు ఆగవలసి వచ్చెను. ఒక్కొక్క రైతు ఒంటిగా, వ్రాతకోతలు లేక పంట ఇచ్చినచో తుదకు వచ్చు ఫల మెట్టిదో దీనివలన తెలిసికొనవచ్చును. సంఘము పేర ఒప్పందము వ్రాసికొని, సంఘము కాంటాపై తూచి, సంఘము రసీదు తీసికొని యిచ్చిన పంటకు అడుగువాడు వేయిమంది యగును.

కలిసి చేసినవారు

ఆర్మూరునకు కొద్ది కిలోమీటర్ల దూరమున, నిజామాబాదు బాటపై అంకాపూర్ గ్రామము కలదు. మొక్కజొన్న పొత్తులు, కూరగాయలు, విత్తనపు పంటలు పండించి, తామే అమ్ముకొని పేరు తెచ్చుకొన్న యూరు. అచ్చటి ఆడువారు బాట ప్రక్కన పొత్తుల గంపలు పెట్టుకొని బేరము చేయుట చూచినవారు, వారికి లెక్క రాదని యనజాలరు. గ్రామాభివృద్ధి కమిటీ కట్టుబాటున ఊరి పనులు సాగుచున్నవి.

ఇంక సహకార సంఘము విషయమున, పూర్వపు కరీంనగరము జిల్లాలోని ముల్కనూరు మనకు మంచి యుదాహరణము. అచ్చట 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డిగారి పూనికతో సహకార గ్రామీణ పరపతి సంఘ మేర్పడినది. అప్పిచ్చుటతో ఆగక, సభ్యుల పంటను సంఘమే కొని, శుద్ధిచేసి, అమ్ముచున్నది. అప్పును పంటను ఒకే గొడుగు క్రిందికి తెచ్చుటయే దాని బలము. ముల్కనూరివారు మనకంటె తెలివైనవారు గారు. మనకంటె ముందు కలిసినవారు.

ఆర్మూరు ప్రక్కల సంఘములు చేయదగినవి మూడు. సంఘమునకు ఒక ఆవిరి బాయిలరు, ఒక మెరుగుపెట్టు డ్రమ్ము, ఒక సిమెంటు కల్లము, చాలినన్ని టార్పాలినులు కొని, వంతుల ప్రకారము సభ్యులకు బాడుగ కిచ్చుట మొదటిది. ఇందువలన త్రవ్విన దుంప వారము దినములు కుప్పపడి యుండదు. కాడిని గోళను సంఘము కల్లమునందే వేరుచేసి, తూచి, సంచులపై గుర్తువేసి, ఒకే సరకుగా వేలమునకు పెట్టుట రెండవది. పది సంచులవాని యొద్దకు కొనువాడు రాడు. వేయి సంచుల యొద్దకు తానే వచ్చును. ధర పడిన దినములలో సరకును గిడ్డంగిలో నుంచి, ఆ రసీదుపై అప్పు ఇప్పించుట మూడవది. 2007 నాటి గిడ్డంగుల చట్టము ప్రకారము ఇట్టి రసీదులకు విలువ కలదు. అప్పు గడువునకు భయపడి అమ్ముట తప్పినచో, బేరమాడు ధైర్యము రైతునకు తానుగా కలుగును.

ఇందులో కష్టములు లేకపోలేదు. బాయిలరు వంతు తనకే ముందు కావలెనని సభ్యులు తగవులాడుదురు. పుచ్చు కొమ్ము మంచి కొమ్ముతో కలిపెడివా డొకడుండును. లెక్క పుస్తకము సరిగా వ్రాయని కార్యదర్శి యొకడుండును. వీనికి మందు ఒక్కటే: వంతుల పట్టిక సంఘము గోడపై అందరికి కానవచ్చునట్లు వ్రాయుట, నెలకొక్కసారి లెక్క చదివి వినిపించుట, సభ్యులు తప్పక వచ్చి వినుట. సభకు రాని సభ్యుడు తన సంచి మూతి విప్పి పోయినవానివంటివాడు.

ఆర్మూరు వెడల్పాటి బాటలు, రైలు, పురపాలక సంఘము, ప్రక్కనే పసుపు బోర్డు గల పట్టణమైనది. ఇవి యన్నియు మంచివే. అయినను ఆ యూరు నిజముగా పెరిగినదా లేదా యని తెలిసికొనుటకు మేము వీధిదీపములు లెక్కింపము. ఫాల్గుణమాసపు సాయంకాలమున గంజునుండి మరలి వచ్చు రైతును నిలిపి, అతని తక్‌పట్టీ చూతుము. మేము చెప్పిన ముసలి రైతు నేడు లేడు. ఆయన కుమారుడు అదే చేనిలో పసుపు పెట్టుచున్నాడు. ఈ యేడు అతని దుంప త్రవ్వు దినమున మేము పోవుదుము. కల్లము వద్ద, కాంటా వద్ద కూడ నుందుము. సంఘ సభ్యులును వచ్చినచో మేలు. ఒక్కడు తోడు పోవుటకంటె ఊరు తోడు పోవుట మంచిది గదా.